ఈ ఏడాది బిందె

మా పిండి మిషన్ గోడకు పది నెలల పాటు ఒక అట్ట వేలాడింది. 'మీ మూటలు మీరే ఎత్తి పోసుకోవలెను' అని దాని మీద నేనే రాశాను. బడిలో ఇన్నేళ్లు పిల్లల చేత గుండ్రంగా రాయించిన చెయ్యి కదా, ఏ అక్షరానికీ వంక పెట్టడానికి లేదు. చదవడం రానివాళ్లకు నేనే దగ్గరుండి చదివి వినిపించేదాన్ని. "మూట మీరే ఎత్తుకోండమ్మా, మా ఆయన ఎత్తకూడదు" అని. మా ఆయన స్విచ్చి దగ్గర స్టూలు మీద కూర్చుని, గోడకేసి చూస్తూ, ఏమీ వినబడనట్టు ఉండేవాడు.

పోయిన దసరా వెళ్లిన మూడో రోజు, రాగుల మూట మిషన్ తొట్టిలోకి ఎత్తి పోస్తూ ఆయన కూలబడ్డాడు. మిషన్ తిరుగుతూనే ఉంది. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఒకామె కేకలు వేస్తే నేను ఇంట్లోంచి పరుగెత్తాను. ఒళ్లంతా పిండి, పెదాలు కూడా తెల్లగా. ఆ తెలుపు పిండిదో, ప్రాణం పోతున్నదో తెలియక చీర కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. ఎవరో కారు తెచ్చారు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే స్టెంటు వేసి, గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

మనిషి దక్కాడు. నాకే నిద్ర దక్కలేదు. రాత్రి రెండుసార్లు లేచి ఆయన రొమ్ము ఎగసి పడుతోందో లేదో చూసి పడుకునేదాన్ని. వేలికి తగిలిస్తే గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పే చిన్న మిషన్ ఒకటి కొని బ్యాగులో పెట్టుకున్నాను. పొద్దున ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి, నాకు భయమేసినప్పుడల్లా ఒకసారి ఆయన వేలు పట్టుకునేదాన్ని. మొదట్లో చెయ్యి చాచేవాడు. తర్వాత తర్వాత, నేను బ్యాగు తెరుస్తుంటేనే లేచి పెరట్లోకి పోయేవాడు.

ఇక్కడ నేను చేసిన పాడుపని ఒకటి చెప్పాలి. జూన్ నెలలో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన్ను రక్తం ఇవ్వడానికి లోపలికి పంపి, డాక్టరు నాతో అన్నాడు: "గుండె బాగా కోలుకుందమ్మా. కొండలెక్కచ్చు, మిషన్ పని చేసుకోవచ్చు. ఇరవై కిలోల దాకా బరువు ఎత్తినా ఏమీ కాదు. మీరు ఇట్లా కట్టడి చేస్తే మనిషి దిగులుతో చెడతాడు." నేను తలూపాను. బయటికొచ్చి బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, "ఇంకో ఆరు నెల్లు బరువనేది ముట్టగూడదంట" అన్నాను. ఆయన మోచేతి దగ్గర దూది నొక్కిపట్టుకుని, "సరే" అన్నాడు. అంతే. అబద్ధం ఇంత తేలిగ్గా చెల్లుతుందని నాకు అంతవరకు తెలియదు. పిల్లలు హోంవర్కు ఇంట్లో మరిచిపోయామంటే బెంచీ ఎక్కించే టీచరమ్మను నేను.

ఆ తర్వాత ఆగస్టు పదిహేను దగ్గరపడింది.

మా ఊరి ఆగస్టు పదిహేను గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఊరికి పడమట ఒక బండరాళ్ల కొండ ఉంది. దాని మీద మా ఊళ్లో పటాలం నుంచి రిటైరై వచ్చినవాళ్లు ఒక జెండా గద్దె కట్టుకుని, చుట్టూ వేప మొక్కలు నాటుకున్నారు. మొక్క నాటడం తేలికే, మా సీమలో దాన్ని బతికించడమే కష్టం. అందుకని వాళ్లలో పెద్దాయన, మేమంతా హవల్దారు మామ అని పిలిచే ఆయన, ఒక ఏర్పాటు చేశాడు. అది ఎన్నో స్వాతంత్ర్య దినమో అన్ని బిందెల నీళ్లు ఆ పొద్దున కొండెక్కాలి. ఏటా ఒక బిందె పెరుగుతుంది. మా బడిలో ఆటల సారు దానికి 'ఫ్రీడం ఫిట్‌నెస్ ఛాలెంజ్' అని ఫ్లెక్సీ వేయించాడు కానీ, ఊళ్లో అందరూ బిందెల పండగ అనే అంటారు.

ఒక్కో బిందె మెడకు ఒక అట్టముక్క కట్టి, దాని మీద ఒక ఏడాది రాస్తారు. ఎవరికి కావలసిన ఏడాది వాళ్లు ముందే చెప్పుకోవాలి. పుట్టిన ఏడాదికి, పెళ్లయిన ఏడాదికి గిరాకీ ఎక్కువ. పెళ్లయిన ఏడాది మోసేవాడు ఎదురొస్తే, "ఏమన్నా, ఇంగా దించలేదా ఆ బరువు?" అని నవ్వకుండా ఎవరూ వదలరు. పక్కా కరువు ఏళ్లు కూడా ఉన్నాయి. వాటిని ముసలివాళ్లు పట్టుబట్టి అడిగి తీసుకుంటారు. మొట్టమొదటి ఏడాది బిందె మాత్రం హవల్దారు మామదే.

బిందెకు ఇద్దరు ఉండాలి. ఒకరు మోసేవారు, ఒకరు ఎత్తించేవారు. నీళ్లు మోసిన ఊళ్లవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నిండు బిందెను ఎవరూ ఒంటరిగా భుజానికో నెత్తికో ఎత్తుకోలేరు, ఇంకో జత చేతులు తోడు కావాలి. హవల్దారు మామ ప్రతి ఏడూ అదే మాట చెప్తాడు. "సొతంత్రం ఒగరు మోసింది గాదప్పా. మోసినోళ్ల పేర్లు బుక్కుల్లో ఉండాయి. ఎత్తిచ్చినోళ్ల పేర్లు యాడా లేవు." బిందెలన్నీ పైకి చేరేదాకా జెండా ఎగరదు. ఒక్క ఏడాది రాకపోయినా తాడు ముట్టడు.

ఆ వారంలో ఒకరోజు ఆటల సారు బడి వరండాలో నన్ను ఆపి, "టీచరమ్మా, ఈసారి మీ జంట గూడా ఉండాదే! అన్న మోసేది, మీరు ఎత్తిచ్చేదంట" అన్నాడు. పైకి మాత్రం "అవును సార్" అని, బడి వదలగానే రెండంగల్లో ఇంటికొచ్చి పడ్డాను.

"ఏమప్పా, ఎవర్ని అడిగి పేరిచ్చినావు?"

"నా పేరు నేనిచ్చుకునేదానికి ఎవర్ని అడగాల?"

"డాక్టరు ఏం చెప్పినాడో మరిసినావా?"

ఆయన నావైపు చూశాడు. ఏదో అనబోయి ఆగి, "మరవలేదు" అన్నాడు. ఆ ఆగడం నేను అప్పుడే పట్టుకోవలసింది. కోపంలో ఉన్నదానికి చెవులుంటాయా?

"నేను మోస్తాలే, నువ్వు ఎత్తియ్యి" అన్నాను.

"నీ మోకాళ్లకు మన గుమ్మం మెట్టే కొండ. నువ్వు మోస్తే ఆ జెండా దీపావళికి ఎగురుతాది" అన్నాడు. పది నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి ఎగతాళి అది. నవ్వు రావలసింది, ఏడుపొచ్చింది. అరిచాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. ఆయన కదల్లేదు. ఏ ఏడాది తీసుకున్నావని అడిగితే, "ఈ ఏడాదిది. దాన్ని ఎవరూ అడగలేదంట" అన్నాడు.

సరే, మొండివాడు రాజు కంటే బలవంతుడన్నారు. నేను ఇంకో దారి చూసుకున్నాను. బిందె నింపేది ఎత్తించేవాళ్లే. కింద ఎవరూ తనిఖీ చేయరు, ఎవరి నీళ్లు వాళ్ల మనస్సాక్షి. సగమే నింపితే సరి. బరువూ తగ్గుతుంది, ఆయన మాటా నెగ్గుతుంది, ఆయన ప్రాణమూ నా చేతుల్లో ఉంటుంది. ఆ ఆలోచన వచ్చాక ఆ పూట కాస్త అన్నం తిన్నాను.

పదిహేనో తారీఖు పొద్దున్నే కొండ కింద బోరు దగ్గర తిరునాళ్లలా ఉంది. మడకశిర నుంచి కూడా చుట్టాలు వచ్చారు. తెలుగు, కన్నడ కలగలిపి అరుపులు, ఎత్తుకునేటప్పుడు "ఊ" అని, "ఇంగోసారి, ఊ" అని కేకలు. ఆ నెలలో మా దగ్గర గాలి ఎలా కొడుతుందో తెలిసిందే. మెడలకు కట్టిన అట్టముక్కలు బిందెలకు టపటపా కొట్టుకుంటున్నాయి. నేను కావాలనే ఆలస్యం చేశాను. అందరూ వెళ్లాక, చివర్లో, పైపు కింద బిందె పెట్టి, సగానికి కాస్త పైన ఆపేసి, మూత పెట్టేశాను. ఇద్దరం కలిసి ఎత్తాం. తేలిగ్గా లేచింది. ఆయన భుజం మీద సర్దుకుని, ఒక క్షణం అలాగే నిలబడి, నడిచాడు.

నీళ్ల కోసం మూడు మైళ్లు నడిచి పెరిగినదాన్ని. నిండు కుండ తొణకదని పిల్లలకు వివరించి చెప్పేదాన్ని. సగం బిందె మోయడం నిండు బిందె మోయడం కన్నా కష్టమని నాకు తెలియదా? తెలుసు. చిన్నప్పుడు సగం బిందె తెస్తే మా అమ్మ నెత్తిన మొట్టేది కూడా. భయం ముందు ఆ తెలివంతా ఎక్కడికి పోయిందో.

బండ మెట్లు మొదలవగానే లోపలి నీళ్లు ముందుకొకసారి, వెనక్కొకసారి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అడుగు వేస్తే బిందె ఒక పక్కకు గుంజుతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆయన రెండు చేతులూ పైకి పెట్టాడు. ఒళ్లు వంకర తిరుగుతోంది. దానికి తోడు గాలి ఒకటి. మూత కింది నుంచి నీళ్లు చిమ్మి చొక్కా తడిసిపోయింది. సగం కొండ ఎక్కేసరికి ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. నేను వెనక నుంచి "దించు, దించు నాయనా, దించు" అని కేకలు పెట్టాను. ఎన్నడూ ఆయన్ను నాయనా అన్నదాన్ని కాదు.

మధ్యలో ఒక చాపంత చదునైన బండ ఉంది. ఆయన దాని మీద బిందె దించి, రొప్పుతూ కూర్చున్నాడు. నేను బ్యాగులోంచి వేలి మిషన్ తీసి ఆయన చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకున్నాడు. మూత తీసి లోపలికి చూశాడు.

నాకు తల ఎత్తే ధైర్యం లేదు.

"ఇన్నే పోసినావా?"

"బరువైతాదని..."

"డాక్టరుకు నేనే ఫోన్ చేసినా. పోయిన నెల." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. "ఆయప్ప నీకు ఏం చెప్పినాడో నాకూ చెప్పినాడు. నువ్వే చెప్తావులే, రేపు చెప్తావు, ఎల్లుండి చెప్తావు అని సూస్తాండా."

నేను బండ మీద కూర్చుండిపోయాను.

"ఈ పది నెల్లు మిషన్ కాడ ఆడోళ్లు వాళ్ల మూటలు వాళ్లే ఎత్తుకుంటాంటే నేను సూస్తా కూసున్న్యా. ఒగామెకు ఏడో నెల. ఆయమ్మ డబ్బా ఎత్తుతాంటే నేను ఆ పక్కకు తిరుక్కున్న్యా. నేను బతికినట్టా, అది?"

"నువ్వు పోతే నేనేం కావాల?" అన్నాను. అంత మొరటుగా, అంత పచ్చిగా అంతకుముందు ఎప్పుడూ అనలేదు. పది నెలలుగా గొంతులో ఇరుక్కున్న మాట అదే. దాన్నే నేను మందుల వేళ అని, ఉప్పు తక్కువ అని, మెల్లగా నడువు అని వేరే వేరేగా అంటూ వచ్చాను.

ఆయన నా వైపు తిరిగాడు. బిందె మెడకు కట్టిన అట్టను తిప్పి నాకు చూపించాడు. "ఇది నాకు మిగిలిన ఏడాది. దసరాకే పోవాల్సినోణ్ని. ఈ ఏడాదంతా నాకు అప్పనంగా వచ్చినాది. దాన్ని తెచ్చి నువ్వు సగం చేస్తే ఎట్లమే?"

నేను మూత తీసుకుని బిందెకు పెట్టాను.

పైనుంచి ఎవరో అరిచారు. "మిషనన్నా! ఆఖరి ఏడాది యాడికొచ్చింది?" ఆయన లేచి నిలబడి, "వస్తాండాది!" అని అరిచాడు. నేను, "ఈ నీళ్లు సాల్లే, పైకి పోదాం రా, ఎవరు సూస్తారు" అన్నాను. ఆయన అప్పటికే బిందెను చంకకు ఎత్తుకుని కిందికి దిగుతున్నాడు. ఆ నీళ్లు నేలపాలు చేయడానికి మా ఊళ్లో ఎవరికీ చేతులు రావు కదా, అందుకని వాటితోనే దిగాడు.

మళ్లీ బోరు దగ్గరికి వచ్చాం. అక్కడ ఇక మనిషి లేడు. "నింపు" అన్నాడు. పైపు పెట్టాను. నీళ్లు మెడ దాకా వచ్చాయి, అంచు దాకా వచ్చాయి. నేను ఆపలేదు, ఆయన ఆపమనలేదు. అంచు మీద నుంచి ఒక చుట్టు జారాక పైపు తీశాను. రెండు చేతులూ కావాలి కాబట్టి బ్యాగు తీసి బోరు గట్టు మీద పెట్టాను. ఆయన వంగి ఒక పక్క పట్టుకున్నాడు. నేను ఒక పక్క పట్టుకున్నాను.

"ఊ" అన్నాడు.

నా చేతులు లేవలేదు. నిజంగా లేవలేదు. బలం లేక కాదు. ఈ బరువును నేను ఎత్తి ఆయన మీద పెట్టాలి. అది ఎవరో చేసే పని కాదు, నా చేతులతో నేను చేయాల్సిన పని. ఆయన కసురుకోలేదు. వంగినవాడు అలాగే వంగి ఉండి, "తొందరేం లేదు" అన్నాడు. ఒక నిమిషం గడిచిందేమో.

"ఇంగోసారి. ఊ."

ఎత్తాను. బిందె ఆయన భుజం మీద కూర్చుంది. కూర్చుని కదల్లేదు. ఆయన రెండో చెయ్యి వదిలేసి, పంచె సర్దుకుని, నడక మొదలుపెట్టాడు.

నేను వెనకాలే ఎక్కాను. మొదటి మెట్లలో ఆయన ఊపిరినే విన్నాను. తర్వాత నా ఊపిరి తప్ప ఇంకేదీ వినబడలేదు. మోకాళ్లు దేవుణ్ని తలుస్తున్నాయి. ఆయన ఒకే లెక్కన అడుగులు వేస్తున్నాడు. మూటలు మోసిన మనిషి నడక అది, నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూసిన నడక. సగం దారిలోని ఆ బండ దగ్గర ఆగుతాడేమో అనుకున్నాను. ఆగలేదు. నేనే ఆగాను. "ఏమే, రావా?" అని ముందునుంచి వినబడింది.

పైన అందరూ లేచి నిలబడి ఉన్నారు. హవల్దారు మామ చేతిలో తాడు పట్టుకుని ఉన్నాడు, గాలికి ఆయన తెల్ల మీసాలు చెదిరిపోతున్నాయి. జెండా ఇంకా ముడిలోనే ఉంది. ఎండ ముదిరి పిల్లలు గోల చేస్తున్నారు. ఒక ముసలామె "సాకప్పా సాకు, బేగ బా" అని, చాలు తొందరగా రమ్మని కన్నడంలో విసుక్కుంటోంది. మా ఆయన చివరి మొక్క దగ్గరికి వెళ్లి బిందె దించాడు. మామ వంగి లోపలికి చూసి, అంచు దాకా ఉన్న నీళ్లు చూసి, తల పంకించాడు.

"ఏమప్పా, ఈ ఏడాది ఇంత ఆలస్యంగా వచ్చినాది?"

ఇప్పుడు చెప్పేస్తాడు, ఊరందరి ముందూ నా పరువు పోతుంది అనుకున్నాను. పోనీలే, పోవాల్సిందే అని కూడా అనుకున్నాను.

"సగం దావలో నీళ్లు తక్కువబడినాయి మామా" అన్నాడు మా ఆయన. "మా ఇంటామె మళ్లా కిందికొచ్చి నింపి ఎత్తిచ్చినాది."

"అట్లనా! ఈ మోకాళ్లతో రెండుసార్లు ఎక్కినావామ్మా?" అని మామ నాకు చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాడు. ఊరంతా చప్పట్లు. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన మాత్రం ఎవరి మొహమూ చూడకుండా వేప మొక్క పాదులో నీళ్లు పోస్తున్నాడు, మెల్లగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా. జెండా ఎగిరింది, పూలు రాలాయి. అందరూ జనగణమన పాడుతుంటే నేను ఏడుస్తూ పాడాను. పది నెలల భయం కళ్లలోంచి కారిపోతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పక్కనున్నామె నా దేశభక్తి చూసి తన కొంగు కూడా ఇచ్చింది.

పాట అయ్యాక ఆయన నా ముందుకొచ్చి వేలు చాచాడు. "పెట్టుకో, సూసుకో" అన్నాడు, కళ్లతో నవ్వుతూ.

బ్యాగు కోసం భుజం తడుముకున్నాను. లేదు. బోరు గట్టు మీదే మరిచిపోయి వచ్చాను. కొండెక్కిన సేపంతా అది లేదన్న సంగతే నాకు గుర్తు లేదు. చెప్తే, ఆయన గట్టిగా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. దిగేటప్పుడు ఖాళీ బిందె నేను పట్టుకున్నాను, నా చెయ్యి ఆయన పట్టుకున్నాడు. ప్రతి మెట్టుకూ "మెల్లగా" అన్నాడు. ఆ మాట నాది, పది నెలలుగా నేను ఆయన్ను వేపుకు తిన్న మాట.

ఇంటికొచ్చి రాగి సంగటి తిని నడుం వాల్చాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. దసరా తర్వాత ఒక్కసారి కూడా లేవకుండా పడుకున్నది ఆ మధ్యాహ్నమే. నిద్రలో ఎక్కడో గరగరమని శబ్దం. కళ్లు తెరిస్తే సాయంత్రం నాలుగు దాటింది. పక్కన మంచం ఖాళీ. పిండి మిషన్ తిరుగుతోంది.

పండగపూట కూడా ఎవరో పిండికి వచ్చారన్నమాట. నేను గభాలున లేచి కూర్చుని, కాళ్లు కింద పెట్టాను. మిషన్ చప్పుడులో మార్పు వచ్చింది. ఖాళీగా తిరిగేటప్పటి గరగర తగ్గి, గింజలు పడ్డప్పటి బరువైన మోత మొదలైంది. ఎవరో మూట ఎత్తి పోశారు. ఎవరు పోశారో నాకు తెలుసు.

కాళ్లు పైకి తీసుకుని మళ్లీ పడుకున్నాను.